ఊళ్లో చల్లగా, హైవే మీద మరుగుతూ: ఒక అంబాసిడర్ మార్క్ 3 కేసు

బండి 1970ల చివరి హిందుస్థాన్ అంబాసిడర్ మార్క్ 3. బీఎంసీ (బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్) బీ-సిరీస్ కుటుంబానికి చెందిన 1489 సీసీ పెట్రోల్ ఇంజన్. సిలిండర్లుండే బ్లాకు, దాని మీద మూతలా కూర్చునే హెడ్డు రెండూ పోత ఇనుమే. ఎస్‌యూ రకం కార్బ్యురేటర్ (గాలిలో పెట్రోల్ కలిపేది), పాయింట్ల డిస్ట్రిబ్యూటర్ (నిప్పురవ్వను సిలిండర్లకు పంచేది), రాగి-ఇత్తడి రేడియేటర్. ఏసీ లేదు, హీటర్ లేదు. బండి చాలా ఏళ్లు నల్లగొండ వైపు తిరిగింది, ఇప్పుడు హైదరాబాద్‌లో ఉంది.

కంప్లైంటు ఇది. సిటీలో ఎంత ట్రాఫిక్‌లో నిలబడ్డా వేడి గేజ్ ముల్లు సగం దాటదు. విజయవాడ హైవే ఎక్కి గంటకు డెబ్బై మీద పోనిస్తే ఇరవై, ఇరవై అయిదు కిలోమీటర్లకే ముల్లు ఎర్రగీత దగ్గరికి వెళ్తుంది. బండి ఆపి ఇంజన్ కట్టేసిన రెండు నిమిషాలకు ఓవర్‌ఫ్లో పైపులోంచి నీళ్లు పొంగుతాయి. లీటరుకు పది వచ్చే మైలేజీ ఎనిమిదికి పడింది. నాకింగ్ (ఇంజన్ లోపల టకటక కొట్టుకోవడం) మాత్రం లేదు. ఈ చివరి మాటను యజమాని మంచి విషయంగా చెప్పారు. నిజానికి అదే పెద్ద ఆధారం.

బండి మా దగ్గరికి వచ్చేసరికి మారినవి చాలా ఉన్నాయి. రేడియేటర్‌కు కొత్త కోర్ (నీళ్ల గొట్టాలు, ఫిన్నులు ఉండే మధ్య భాగం) వేశారు. వాటర్ పంపు కొత్తది. హోస్ పైపులు, ఫ్యాన్ బెల్టు కొత్తవి. నీళ్లు వేడెక్కేదాకా రేడియేటర్ దారి మూసి ఉంచే థర్మోస్టాట్‌ను పీకేశారు. గ్రిల్ వెనక, రేడియేటర్ ముందు పన్నెండు అంగుళాల ఎలక్ట్రిక్ ఫ్యాన్ ఒకటి అదనంగా బిగించారు. ఇన్ని చేసినా మరగడం ఒక్క కిలోమీటరు కూడా వెనక్కి జరగలేదు. కొలవకుండా భాగాలు మార్చుకుంటూ పోయిన బండ్లన్నీ ఇలాగే వస్తాయి.

ఎప్పుడు వేడెక్కుతోంది అన్నదే మొదటి కొలత

నిలబడి ఉన్నప్పుడు వేడెక్కి, పోతుంటే చల్లబడే బండిలో లోపం గాలి వైపు ఉంటుంది: ఫ్యాన్, బెల్టు జారడం, ఫిన్నుల్లో ఇరుక్కున్న మట్టి, పురుగులు. పోతున్నప్పుడు వేడెక్కి నిలబడితే చల్లబడే బండికి ఫ్యాన్‌తో పనిలేదు. డెబ్బై వేగంలో రేడియేటర్‌కు తగిలే గాలి ముందు ఏ ఫ్యానూ ఆనదు. అక్కడ చూడాల్సినవి మూడు. నీళ్లు కావలసినంత తిరుగుతున్నాయా? నీళ్లు చేరాల్సిన చోటికి చేరుతున్నాయా? ఇంజన్ పుట్టించాల్సిన దానికంటే ఎక్కువ వేడి పుట్టిస్తోందా? ఈ మూడో ప్రశ్నను షెడ్లలో చాలామంది వేసుకోరు. అందరి చూపూ రేడియేటర్ మీదే ఉంటుంది.

ఈ లెక్కన అదనపు ఎలక్ట్రిక్ ఫ్యాన్ ఈ బండికి మేలు చేయదు. మోటారు, బ్లేడ్లు, చుట్టూ ఉన్న ప్లాస్టిక్ చట్రం కలిసి కోర్‌లో దాదాపు అయిదో వంతును కప్పేశాయి. హైవే మీద అది గాలికి అడ్డు.

గేజ్ నిజం చెబుతోందా

పాత బండిలో గేజ్‌ను నమ్మి పని మొదలుపెట్టకూడదు. సెండర్‌ను (నీళ్ల వేడిని గేజ్‌కు చెప్పే ముక్కను) విప్పి, వైరు తగిలించే ఉంచి, దాని బాడీకి ఒక ఎర్త్ వైరు కలిపి, స్టవ్ మీద మరుగుతున్న నీళ్లలో ముంచాం. పక్కన గాజు థర్మామీటర్. వంద డిగ్రీల దగ్గర ముల్లు ఎర్రగీతకు వెంట్రుకవాసి కింద నిలిచింది. గేజ్ సరిగానే ఉంది. సెండర్ దారాలకు టెఫ్లాన్ టేపు మందంగా చుట్టేవాళ్లున్నారు. ఎర్త్ బలహీనపడితే గేజ్ తక్కువ చూపిస్తుంది, బండి మరిగేదాకా తెలియదు. ఇంధనం గేజ్, టెంపరేచర్ గేజ్ రెండూ ఒకేసారి ఎక్కువ చూపిస్తుంటే, వోల్టేజ్ స్టెబిలైజర్ ఉన్న బండ్లలో ముందు దాని ఎర్త్ చూడాలి.

చల్లగా ఉన్నప్పుడు చేసినవి

రేడియేటర్ మూత తీసి మెడ లోపలి అంచు మీద వేలు తిప్పితే వేలికి మెత్తటి గోధుమరంగు బురద అంటింది. కోర్ కొత్తది. బురద పాతది. అంటే అది ఇంకెక్కడి నుంచో వస్తోంది.

మూత మీద ఏడు పౌండ్లని ఉంది, అంటే చదరపు అంగుళానికి ఏడు పౌండ్ల ఒత్తిడిదాకా ఆపాలి. ప్రెజర్ టెస్టర్ మీద పెడితే నాలుగు దగ్గరే వదిలేసింది. మామూలు నీళ్లు ఏడు పౌండ్ల అదనపు ఒత్తిడిలో సుమారు 111 డిగ్రీలకు మరుగుతాయి, నాలుగు పౌండ్లలో సుమారు 107కు. నాలుగు డిగ్రీలు చిన్న తేడా కాదు, పైగా మూత ఖరీదు తక్కువ. మార్చేశాం. కానీ మూత వేడిని పుట్టించదు, పొంగే క్షణాన్ని ముందుకు తెస్తుందంతే. అందుకే ఇదే కారణమని అక్కడ ఆగలేదు. ఇక పదమూడు పౌండ్ల మూత పెడితే ఇంకా మంచిది కదా అని కొందరు పెడతారు. పాత సోల్డర్ అతుకులు, పాత కోర్ ప్లగ్గులు (బ్లాకులో నీళ్ల గది చిల్లులు మూసే బిళ్లలు) దానికి తట్టుకోవు.

హెడ్‌కూ బ్లాకుకూ మధ్య ఉండే గ్యాస్కెట్ పోయిందేమోనన్న అనుమానాన్ని రోడ్డు మీదికి వెళ్లకముందే తీర్చుకోవాలి. రెండు పరీక్షలు చేశాం. మొదటిది: ఫ్యాన్ బెల్టు తీసేసి, నీళ్లు మెడదాకా నింపి, ఇంజన్ ఒక్క నిమిషం నడిపి చూడటం. పంపు తిరగదు కాబట్టి కనిపించే బుడగలు పంపు కలిపినవి కావు, సిలిండర్లలోంచి పీడనం మీద వచ్చినవే. బుడగలు లేవు. రెండోది: నీలిరంగు ద్రవం ఉండే బ్లాక్ టెస్టర్. రేడియేటర్ మెడలోని గాలిలో దహన వాయువు ఉంటే నీలం పసుపుగా మారుతుంది. మారలేదు. ఈ పరీక్షకు మెడలో నీళ్లు రెండంగుళాలు తగ్గించి ఉంచాలి. ద్రవంలోకి కూలెంట్ పీల్చుకుంటే రంగు చెడి ఏమీ తెలియదు.

తర్వాత కంప్రెషన్, అంటే ఒక్కో సిలిండర్ గాలిని ఎంత ఒత్తిడికి నొక్కుతోందన్న కొలత. వేడి ఇంజన్, నాలుగు స్పార్క్ ప్లగ్గులూ తీసి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి: 122, 120, 118, 115 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు). తక్కువ కంప్రెషన్ రకం ఇంజన్‌కు ఇవి ఆరోగ్యమైన అంకెలే. నాలుగోది కొంచెం తక్కువ, కానీ పది శాతం లోపే. హెడ్ దించాల్సిన పని లేదని అప్పుడే నిర్ణయించాం.

స్పార్క్ ప్లగ్గులు మాత్రం ఒక మాట చెప్పాయి. మొదటి మూడింటి పింగాణీ లేత గోధుమరంగు. నాలుగోది సున్నం కొట్టినట్టు తెలుపు. భూతద్దంలో చూస్తే దాని మీద మిరియపు పొడి చల్లినంత సన్నటి మెరిసే చుక్కలు. నాలుగో సిలిండర్ మిగతావాటికంటే వేడిగా కాలుతోంది.

నాలుగు వైర్లు, ఒక రోడ్డు

వేడిని చూపించే లేజర్ గన్ పనికొస్తుంది గాని రెండు షరతులున్నాయి. మెరిసే ఇత్తడి, అల్యూమినియం మీద అది తక్కువ చూపిస్తుంది, ఒక్కోసారి ఇరవై డిగ్రీలు కూడా. కొలిచే ప్రతి చోటా నల్ల ఇన్సులేషన్ టేపు ముక్క అంటించి ఆ టేపు మీద కొలవాలి. ఇక పోతున్న బండిలో గన్ పనిచేయదు, ఆపిన క్షణం నుంచీ అంకెలు మారిపోతాయి. అందుకే కే-టైపు థర్మోకపుల్ వైర్లు, అంటే కొస దగ్గర వేడిని కొలిచే వైర్లు, బిగించాం: ఒకటి హెడ్ ముందున్న థర్మోస్టాట్ హౌసింగ్ (థర్మోస్టాట్ కూర్చునే గది) మెడకు, ఒకటి రేడియేటర్ కింది ట్యాంకు అవుట్‌లెట్‌కు, ఒకటి హెడ్ వెనక అంచుకు, ఒకటి గ్రిల్ ముందు గాలికి. హోస్ క్లిప్పుతో నొక్కి, పైన గుడ్డపీలిక చుట్టి గాలి తగలకుండా చేసి, వైర్లను కిటికీ గుండా లోపలికి తెచ్చి మల్టీమీటర్‌కు ఒక్కొక్కటిగా కలుపుతూ చదివాం. హయత్‌నగర్ దాటాక చౌటుప్పల్ వైపు రోడ్డు. గాలి 39 డిగ్రీలు.

వచ్చిన అంకెలు (హౌసింగ్ / కింది ట్యాంకు / హెడ్ వెనక):

ఐడిల్‌లో (బండి నిలబడి, ఇంజన్ మాత్రం తిరుగుతూ) పావుగంట: 84 / 76 / 92
యాభై వేగంలో పదిహేను కిలోమీటర్లు: 88 / 77 / 101
డెబ్బై వేగంలో పదిహేను కిలోమీటర్లు: 99 / 86 / 121

ముందు మొదటి రెండు నిలువు వరసలు చూడాలి. రేడియేటర్‌లోకి వెళ్లే నీటికీ బయటికొచ్చే నీటికీ తేడా 8 నుంచి 13 డిగ్రీలు. రేడియేటర్ గొట్టాలు మూసుకుపోయి నీళ్లు నెమ్మదిగా కారుతుంటే ఈ తేడా బాగా పెరిగి ఇరవై దాటుతుంది, ఎందుకంటే కొద్దిపాటి నీళ్లు ఎక్కువసేపు గాలికి ఉండి బాగా చల్లబడతాయి. గాలే సరిగ్గా తగలకపోతే తేడా నాలుగైదుకు పడిపోతుంది. ఇక్కడ రెండూ లేవు. పంపు నీళ్లు తోస్తోంది, రేడియేటర్ వేడిని వదులుతోంది. కొత్త కోర్ మీద గన్ తిప్పితే ఒక అంచున అయిదారు గొట్టాలు నిలువునా చల్లగా ఉన్నాయి, అంటే అవి అప్పుడే మూసుకుపోయాయి. మొత్తం మీద అది చిన్న నష్టం.

మూడో వరసే అసలు విషయం. హెడ్ ముందుకూ వెనకకూ తేడా ఐడిల్‌లో 8, డెబ్బైలో 22. ఈ ఇంజన్‌లో నీళ్లు పంపు నుంచి బ్లాకు ముందు భాగంలోకి వచ్చి, వెనక్కి పోయి, పైకెక్కి, హెడ్‌లోంచి ముందుకు తిరిగొచ్చి హౌసింగ్ గుండా బయటికి వస్తాయి. వెనక కొంచెం వేడి ఎక్కువ ఉండటం సహజమే, కానీ అయిదారు డిగ్రీలు చాలు. ఇరవై రెండంటే నాలుగో సిలిండర్ చుట్టూ నీళ్లు చేరడం లేదు. అక్కడ నీళ్లు ఆవిరి బుడగలై, ఆ బుడగలు మిగతా నీళ్లను రేడియేటర్ వైపు నెట్టి, మూత బలహీనంగా ఉంది కాబట్టి బయటికి కక్కించాయి. ఇంజన్ కట్టేశాక పొంగడమూ అందుకే: పంపు ఆగింది, ఎర్రగా కాగిన ఇనుములోని వేడంతా ఆ కొద్ది నీళ్లకు ఎక్కింది.

అయినా ఒక ప్రశ్న మిగిలింది. వెనక భాగం ఒక్కటే చెడితే హౌసింగ్ దగ్గర 99 ఎందుకు ఉండాలి? గాలి 39 డిగ్రీలున్నప్పుడు కూడా, రేడియేటర్ మంచిదైతే ఈ ఇంజన్ డెబ్బైలో తొంభై లోపే నిలవాలి. ఎక్కువ వేడి పుడుతోంది.

ఆలస్యంగా కాలే మంట

ఐడిల్‌లో టైమింగ్, అంటే పిస్టన్ పైకి చేరడానికి ఎంత ముందు నిప్పురవ్వ పడుతుందన్న లెక్క, 6 డిగ్రీలు ముందు. బాగుంది. ఎవరు చూసినా అక్కడితో సరే అంటారు. టైమింగ్ కవర్ మీది సూచికలు పది డిగ్రీలు దాటి చూపించవు కాబట్టి, డయల్ తిప్పే రకం టైమింగ్ లైటుతో 3000 ఆర్పీఎం దగ్గర చూశాం. కార్బ్యురేటర్ నుంచి డిస్ట్రిబ్యూటర్‌కు వెళ్లే వ్యాక్యూమ్ పైపు తగిలించి 22 డిగ్రీలు. పైపు పీకి 22 డిగ్రీలు. తేడా సున్నా.

డిస్ట్రిబ్యూటర్ పక్కనున్న వ్యాక్యూమ్ డబ్బా గొట్టాన్ని నోటితో పీల్చి, నాలుక అడ్డం పెట్టి చూడాలి. బాగుంటే నాలుకను పట్టి ఉంచుతుంది, లోపల పాయింట్ల పలక కదలడం కంటికి కనిపిస్తుంది. ఇక్కడ స్ట్రాతో గాలి పీల్చినట్టు వచ్చేసింది. లోపలి రబ్బరు పొర చిరిగిపోయింది.

దీనివల్ల వేడి ఎందుకు పుడుతుందో తెలిస్తే ఈ భాగాన్ని ఎవరూ నిర్లక్ష్యం చేయరు. హైవే మీద సమంగా పోతున్నప్పుడు థ్రాటిల్ (యాక్సిలరేటర్ తొక్కితే తెరుచుకునే గాలి పలక) కొద్దిగానే తెరిచి ఉంటుంది. సిలిండర్‌లోకి వెళ్లే మిశ్రమం పలుచన, నెమ్మదిగా కాలుతుంది. కాబట్టి మంటను ముందుగా వెలిగించాలి. ఆ పది, పన్నెండు డిగ్రీల అదనపు ముందడుగు ఇచ్చేది వ్యాక్యూమ్ డబ్బానే. అది పోతే మంట పిస్టన్‌ను తోసే సమయంలో పూర్తిగా కాలదు, ఎగ్జాస్ట్ వాల్వు తెరిచేటప్పటికి ఇంకా కాలుతూనే ఉంటుంది. ఆ వేడి వాయువు హెడ్‌లోని ఎగ్జాస్ట్ దారుల గోడలకు, అక్కడి నుంచి నీళ్లకు ఎక్కుతుంది. చక్రాలకు వెళ్లాల్సిన శక్తి రేడియేటర్‌కు వెళ్తుంది. మైలేజీ పడిపోయింది ఇందుకే. నాకింగ్ లేకపోవడమూ ఇందుకే: టైమింగ్ వెనకబడ్డ ఇంజన్ చప్పుడు చేయదు, బద్ధకంగా నడుస్తూ కాగిపోతుంది. సిటీలో ఈ లోపం కనిపించదు, ఎందుకంటే ఈ కార్బ్యురేటర్‌లో వ్యాక్యూమ్ రంధ్రం థ్రాటిల్ పలక అంచు దగ్గర ఉంటుంది. ఐడిల్‌లో ఆ డబ్బాకు పని ఉండదు.

మిశ్రమం కూడా చూశాం. ఎస్‌యూ కార్బ్యురేటర్ లోపలి పిస్టన్‌ను ఒక మిల్లీమీటరు ఎత్తితే వేగం కాస్త పెరిగి మళ్లీ సర్దుకోవాలి. పెరిగి అలాగే ఉంటే పెట్రోల్ ఎక్కువ, ఇంజన్ తడబడి ఆగబోతే పెట్రోల్ తక్కువ. ఇది తడబడింది. ఇప్పుడు బంకుల్లో వచ్చే ఇరవై శాతం ఇథనాల్ పెట్రోల్‌కు గాలి, ఇంధనాల నిష్పత్తి 14.7 కాకుండా సుమారు 13.5 కావాలి. కొత్త బండ్లలో కంప్యూటర్ సర్దుకుంటుంది. కార్బ్యురేటర్‌కు ఆ తెలివి లేదు. ఏళ్ల కిందట సరిచేసిన జెట్టు (కార్బ్యురేటర్‌లో పెట్రోల్ వచ్చే సన్నటి గొట్టం) ఈ పెట్రోల్‌తో ఏడెనిమిది శాతం పలుచనగా నడుస్తుంది, పలుచన మిశ్రమం ఇంకా నెమ్మదిగా కాలుతుంది. పాత బండ్లున్న ప్రతి ఒక్కరూ ఒకసారి జెట్టు చూసుకోవాలి. దీని జెట్టు నట్టును రెండు ముఖాలు కిందికి దించాక పరీక్ష సరిగ్గా వచ్చింది. అంతకుముందు థ్రాటిల్ స్పిండిల్ దగ్గర, మానిఫోల్డ్ ప్యాకింగ్ దగ్గర గాలి లీకులు లేవని నిర్ధారించుకోవాలి. లీకు ఉంచుకుని జెట్టు దించితే ఐడిల్‌లో సరిపోయినట్టు ఉంటుంది, హైవేలో పెట్రోల్ ఎక్కువవుతుంది.

నాలుగో సిలిండర్ పక్కన ఏముంది

బ్లాకు వెనక భాగంలోని డ్రెయిన్ ట్యాపు తిప్పాం. చుక్క రాలేదు. ట్యాపునే విప్పేశాం. అయినా రాలేదు. రంధ్రంలోకి రెండు మిల్లీమీటర్ల తీగ దూర్చితే అరంగుళం లోపల గట్టిగా తగిలింది. రేడియేటర్ నిండా నీళ్లుండగా బ్లాకు అట్టడుగు రంధ్రంలోంచి తడి కూడా రాలేదంటే ఇక వేరే పరీక్ష అక్కర్లేదు. ఈ ఒక్క ట్యాపును మొదటి రోజే ఎవరైనా తిప్పి ఉంటే కొత్త కోర్, కొత్త పంపు ఖర్చు మిగిలేది.

నాలుగో సిలిండర్ పక్కనున్న కోర్ ప్లగ్ తీశాం. మధ్యలో పదునైన పంచ్‌తో చిన్న చిల్లు చేసి, అందులో స్క్రూడ్రైవర్ పెట్టి బయటికి మెలితిప్పాలి. లోపలికి కొట్టేస్తే అది నీళ్ల దారిలో పడుతుంది. అంచు కూర్చునే గాడిని గీయకూడదు, గీత పడితే కొత్త ప్లగ్ చెమరుస్తూనే ఉంటుంది.

లోపల సిలిండర్ గోడ కనిపించాలి. కనిపించింది ఒక గోడ, ఒండ్రుతో కట్టినట్టు. చేత్తో ఒక ముక్క విరిచి చూస్తే పొరలు పొరలుగా ఉంది: తడిసిన ఇటుకపొడిలాంటి తుప్పు, దాని మధ్య అప్పడం ముక్కల్లాంటి తెల్లటి సున్నపు రేకులు, అక్కడక్కడ పసుపు ముద్దలు. రేడియేటర్ కారుతుంటే గుప్పెడు వంటపసుపు పోసి నెట్టుకొచ్చే అలవాటు మన రోడ్ల మీద పాతదే. ఆ పూటకు చిల్లు మూసుకుంటుంది. మిగిలిన పసుపంతా పోయి కూర్చునేది ఇక్కడ.

ఇక్కడే ఎందుకంటే, నీటి వేగం పంపు దగ్గర ఎక్కువ, వెనక అడుగున అతి తక్కువ. పైగా ఇంజన్ వెనక్కి కాస్త వాలి ఉంటుంది కాబట్టి నీళ్ల గదిలో అదే అట్టడుగు. నల్లగొండ బోరు నీళ్ల గట్టిదనం తెలిసిందే. మరిగి ఆవిరైన ప్రతిసారీ మళ్లీ బోరు నీళ్లే పోస్తే ప్రతిసారీ కొంత సున్నం లోపల మిగులుతుంది. ఆ సున్నపు పొర వేడిని పంపడంలో పోత ఇనుములో ఇరవయ్యో వంతు కూడా ఉండదు. మిల్లీమీటరు మందం చాలు, గోడ అవతల నీళ్లున్నా లేనట్టే.

శుభ్రం చేసిన పద్ధతి

మొదటి నియమం: రేడియేటర్‌ను ఇంజన్ నుంచి విడదీయాలి. కలిపి ఉంచి ఫ్లష్ చేస్తే బ్లాకులోని బురదంతా కోర్‌లోకి వెళ్తుంది. కొత్త కోర్‌లో అయిదారు గొట్టాలు మూసుకుపోయింది ఇలాంటి ఫ్లష్ వల్లే.

అందుబాటులో ఉన్న కోర్ ప్లగ్గులన్నీ తీశాం. బ్రేజింగ్ రాడ్ చివరను చదునుగా కొట్టి ఉలిలా చేసుకుని, పాత క్లచ్ కేబుల్ తీగల్ని విడదీసి బ్రష్‌లా చేసుకుని, గోడల చుట్టూ గీకాం. మధ్య మధ్యలో హౌసింగ్ వైపు నుంచి కుళాయి పైపు, ఆగి ఆగి కంప్రెసర్ గాలి. గాలి కొట్టేటప్పుడు ఎదురుగా ఎవరూ ఉండకూడదు, కళ్లద్దాలు తప్పనిసరి. ఈ పని మూడు గంటలకు పైగా పట్టింది. బయటికొచ్చిన తడి బురద ఆరువందల గ్రాములు. ఆపాల్సిన చోటు ఇలా తెలుస్తుంది: హౌసింగ్‌లో కుళాయి పెడితే ముందు చిల్లులోంచీ వెనక చిల్లులోంచీ ధార ఒకే బలంతో రావాలి.

తర్వాత కొత్త ఇత్తడి ప్లగ్గులు, అంచుకు పలుచగా సీలెంట్. ప్లగ్ కొనేముందు గాడిని కాలిపర్‌తో కొలవాలి. ఉబ్బు రకం అయితే ఉబ్బు బయటికి పెట్టి మధ్యలో ఒకే గట్టి దెబ్బతో కాస్త చదును చేయాలి. లోపలికి సొట్టపోతే పట్టు వదిలేస్తుంది.

మిగిలిన పలుచని పొరకు నిమ్మ ఉప్పు, అంటే సిట్రిక్ యాసిడ్. రేడియేటర్ లేకుండా, పై హోస్‌నూ కింది హోస్‌నూ ఒక బకెట్టు గుండా కలిపి, ఆరు లీటర్ల నీళ్లలో 300 గ్రాములు. ఇంజన్ ఐడిల్‌లో, నీళ్లు అరవై నుంచి డెబ్బై డిగ్రీలు, నలభై నిమిషాలు. కింది హోస్ నోరు ఎప్పుడూ నీళ్లలో మునిగి ఉండాలి. సున్నంతో కలిసి గ్యాస్ వస్తుంది కాబట్టి ఎక్కడా బిగించి మూయకూడదు. వేడిగా ఉండగానే వంచేయాలి, రాత్రంతా వదిలేయకూడదు. కరిగిన సున్నం నిమ్మ ఉప్పుతో కలిసి తెల్లటి మడ్డిగా మళ్లీ గోడకు అంటుకుంటుంది. అందుకే ఒక్కసారి గాఢంగా వేయడం కంటే పలుచగా రెండుసార్లు మేలు. మొదటిసారి వచ్చింది డికాక్షన్ రంగు. రెండోసారి లేత పసుపు. తర్వాత మూడుసార్లు మంచినీళ్లు, ఆ తర్వాత ఆరు లీటర్లకు 60 గ్రాముల వంటసోడాతో ఒకసారి, మళ్లీ ఒకసారి మంచినీళ్లు. బాత్రూముల్లో వాడే హైడ్రోక్లోరిక్ యాసిడ్‌తో ఈ పని చేసేవాళ్లున్నారు. అది సున్నంతో పాటు ఇనుమునూ సోల్డర్‌నూ తింటుంది. ఈ ఇంజన్లకు దాన్ని దగ్గరికి రానివ్వకూడదు.

ఫ్లష్ తర్వాత పంపు ప్యాకింగ్ దగ్గర చెమరించింది. ఇన్నాళ్లూ దాన్ని మూసి ఉంచింది బురదే. ఇలాంటిది ఒకటో రెండో బయటపడుతుందని యజమానికి ముందే చెప్పి ఉంచాలి. పంపు ఎలాగూ విప్పాం కాబట్టి ఇంపెల్లర్ రెక్కలకూ గోడకూ మధ్య సందు కొలిచాం: 0.7 మి.మీ. అర నుంచి ముప్పావు మిల్లీమీటరు మధ్య ఉంటే బాగున్నట్టే. రేడియేటర్‌ను తలకిందులు చేసి కింది వైపు నుంచి నీళ్లు ఎక్కిస్తే మూసుకున్న గొట్టాల్లో ఎక్కువ భాగం తెరుచుకున్నాయి. కింది హోస్ లోపల స్ప్రింగ్ ఉందో లేదో కూడా చూడాలి. అది పంపు పీల్చే వైపు. స్ప్రింగ్ లేని మెత్తటి హోస్ ఎక్కువ ఆర్పీఎంలో నొక్కుకుపోతుంది, ఆపి చూస్తే మామూలుగా ఉంటుంది. ఇందులో ఉంది.

థర్మోస్టాట్ తిరిగి పెట్టాం

మన ఎండలకు థర్మోస్టాట్ అక్కర్లేదన్న మాట షెడ్లలో బలంగా ఉంది. తీసేస్తే ఇంజన్ చల్లగా ఉంటుందన్నది పొరపాటు, నీళ్లు మరీ వేగంగా పోయి చల్లబడవన్నదీ పొరపాటే. థర్మోస్టాట్ నిర్ణయించేది కనిష్ఠ వేడిని మాత్రమే. గరిష్ఠాన్ని నిర్ణయించేది రేడియేటర్. పూర్తిగా తెరుచుకున్నా అది నీటికి కొంత అడ్డుగా ఉంటుంది, ఆ అడ్డు వల్ల బ్లాకు లోపల ఒత్తిడి కాస్త ఎక్కువుండి వేడి గోడల దగ్గర బుడగలు పుట్టడం తగ్గుతుంది. ఇక రోజూ నాలుగు కిలోమీటర్లు తిరిగే బండికి అది లేకపోతే ఇంజన్ ఎప్పటికీ వేడెక్కదు, ఆయిల్‌లో నీరు చేరి ఆయిల్ పోసే మూత కింద మీగడలాంటి మడ్డి కడుతుంది.

82 డిగ్రీలది తీసుకుని గిన్నెలో నీళ్లు కాచి చూశాం. 81 దగ్గర కదిలింది, 93కు ఎనిమిది మిల్లీమీటర్లు తెరుచుకుంది. కొత్తదైనా ఈ పరీక్ష చేయకుండా బిగించకూడదు, మూసుకునే బిగుసుకుపోయినవి కొత్త పెట్టెలోంచి కూడా వస్తాయి. అంచు పలకకు 3 మి.మీ. చిల్లు వేసి, చిల్లు పైకి వచ్చేలా పెట్టాం. గాలి అక్కడి నుంచి తప్పించుకుంటుంది.

వ్యాక్యూమ్ డబ్బా మార్చాక 3000 ఆర్పీఎంలో పైపు లేకుండా 22, పైపుతో 33 డిగ్రీలు. ఎలక్ట్రిక్ ఫ్యాన్ తీసేశాం. గ్రిల్‌కు అడ్డంగా ఉన్న రెండు పొగమంచు లైట్లను బంపర్ కిందికి దించాం.

నింపింది బ్యాటరీలకు వాడే డిస్టిల్డ్ వాటర్ డెబ్బై వంతులు, ఎథిలీన్ గ్లైకాల్ కూలెంట్ ముప్పై వంతులు. ఇక్కడ గడ్డకట్టే చలి లేదు, సగం సగం కలపనక్కర్లేదు. గ్లైకాల్ పెరిగేకొద్దీ నీళ్లు మోసుకెళ్లే వేడి తగ్గుతుంది. తుప్పు ఆపడానికి ముప్పై చాలు. రాగి-ఇత్తడి రేడియేటర్‌కు, సీసం సోల్డర్‌కు పాత సిలికేట్ రకం సురక్షితం. రంగు చూసి కొనకూడదు, డబ్బా మీద ఏ లోహాలకు సరిపోతుందో చదవాలి. రెండేళ్లకోసారి మార్చాలి. పనికి ముందు వ్యవస్థ మొత్తానికి పట్టినవి 5.8 లీటర్లు, ఇప్పుడు 6.5. తేడాలో ఎక్కువ భాగం బురద ఆక్రమించిన చోటే.

మళ్లీ అదే రోడ్డు

గాలి 40 డిగ్రీలు. డెబ్బై వేగంలో పదిహేను కిలోమీటర్ల తర్వాత: 87 / 75 / 93. రేడియేటర్ తేడా 12, దాదాపు మునుపటిదే. హెడ్ ముందుకూ వెనకకూ తేడా 22 నుంచి 6కు దిగింది. బండి ఆపి కట్టేశాక హౌసింగ్ దగ్గర వేడి ఎనిమిది డిగ్రీలు పెరిగి మళ్లీ తగ్గింది. పంపు ఆగినప్పుడు ఇంత పెరగడం మామూలే. హైవే దిగాక రెండు నిమిషాలు ఐడిల్‌లో ఉంచి కడితే అది కూడా తగ్గుతుంది. ఒక్క చుక్క పొంగలేదు.

పై హోస్‌లో, రేడియేటర్ వైపు చివర, స్టీలు టీ జల్లెడ గుడ్డను టోపీలా మడిచి క్లిప్పు కింద బిగించి పంపాం. మిగిలిన రేకులు కోర్‌లోకి పోకుండా అది పట్టుకుంటుంది. రెండువందల కిలోమీటర్లకు విప్పితే ఒక చెంచాడు రేకులున్నాయి. కడిగి మళ్లీ పెట్టాం. ఆరువందలకు చిటికెడు. అప్పుడు తీసేశాం. దాన్ని అలాగే వదిలేస్తే అదే ఒక అడ్డంకి అవుతుంది. వెయ్యి కిలోమీటర్లకు కొత్తగా పోయాల్సి వచ్చిన కూలెంట్ 150 మిల్లీలీటర్లు, మైలేజీ తిరిగి పది దగ్గరికి వచ్చింది. నాలుగో ప్లగ్ పింగాణీ మిగతా మూడింటి రంగులోకి వచ్చింది.

హెడ్ దించలేదు కాబట్టి హెడ్ లోపలి వెనక దారులను కంటితో చూడలేదు. అందుకని హెడ్ వెనకా, హౌసింగ్ మీదా రెండు నల్ల టేపు ముక్కలు అలాగే ఉంచి, నెలకోసారి హైవే ప్రయాణం తర్వాత బండి ఆపగానే గన్‌తో కొలిచి రాసుకోమని యజమానికి చెప్పాం. తేడా పన్నెండు దాటితే హెడ్ దించి ఆ దారులు కూడా శుభ్రం చేయాలి. బ్లాకు డ్రెయిన్ ట్యాపును ఆరునెలలకోసారి తిప్పి, ధార రాకపోతే తీగతో పొడవాలి.